నల్లమచ్చ మీద ఆగిన బండి

ఆ చోటుకి పేరంటూ లేదు. డ్రైవర్లు మాత్రం నల్లమచ్చ అంటారు.

హైవే పక్కన కొండ కోసి చదును చేసిన జాగా అది. ఒకప్పుడు లారీలు ఆగేవి. ఇప్పుడు ఓ నీళ్ళ కుళాయి, విరిగిన సిమెంటు బల్ల, ఆ బల్ల అవతల నేల మీద పెద్ద నల్లటి మచ్చ... అంతే. ఎన్ని వానలు కురిసినా ఆ మచ్చ పోలేదు. టైరు పేలినా సరే, బండిని ఇంకొంచెం ముందుకి ఈడ్చుకుపోయి ఆపుకుంటారు గానీ అక్కడ ఎవరూ ఆపరు. రాత్రిపూట ఆపితే ఎవరో దబదబా బాదుతున్న చప్పుడు వినిపిస్తుందట.

బయటి నుంచి కాదు — మన బండి లోపల్నుంచి.

నేనైతే వినలేదు. వినాలనీ లేదు. మా డిపోలో బస్సు నడిపిన పెద్దక్క నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను. పేరుతో పనిలేదు, డిపో మొత్తానికి ఆవిడ పెద్దక్కే. ఆవిడ స్టీరింగు పట్టుకుంటే రోడ్డు మీద గుంటలు కూడా భయపడి పూడుకుంటాయని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆవిడకి ఒక్కతే చెల్లెలు. చిన్నదీ అని పిలిచేది. తల్లి పోయాక చిన్నదానికి జడ వేసిందీ, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుందీ, పెళ్ళి చేసిందీ పెద్దక్కే.

ఆ చిన్నదానికి ఊళ్ళు తిరగాలని పిచ్చి. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక మోటార్‌హోమ్ కొనుక్కున్నారు. చూసే ఉంటారు — లోపలే మంచం, పొయ్యి, గ్యాసుతో నడిచే ఫ్రిజ్జు అన్నీ ఉండే ఇల్లులాంటి బండి. కొత్తది కాదు, ఎవరో వాడి అమ్మేసింది. పాత బండ్లు బాగుచేసి అమ్మే ఒకాయన దగ్గర కొన్నారు. అతన్ని అందరూ పాలిష్ అంటారు. తుప్పు పట్టిన రేకుని కూడా అద్దంలా మెరిపిస్తాడు మరి.

మొదటి ప్రయాణంలోనే, పొద్దుగూకాక, ఆ జాగాలో ఆగారు. మరిది, అదే చిన్నదాని మొగుడు, బకెట్ పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. వెనక్కి తిరిగేసరికి... బండి వెలుగుతోంది.

మంట ఫ్రిజ్జు వెనక గ్యాసు గొట్టం దగ్గర మొదలైంది. ఫ్రిజ్జేమో తలుపు పక్కనే ఉంది. ఇక ఉన్న దారల్లా మంచం దగ్గరి వెనక కిటికీ. ఆపద వస్తే తోసుకుని దూకడానికే పెడతారు దాన్ని.

చిన్నది తోసింది. బాదింది. బయటి నుంచి మరిది లాగాడు. కిటికీ రాలేదు. వేళ్ళు కాలుతుంటే ఫ్రేము చుట్టూ తడిమాడు. రంగు కింద గుండ్రంగా, వరసగా... స్క్రూలు.

తర్వాత విచారణ జరిగింది. మరిది స్క్రూల మాట చెప్పాడు. ఏం మిగిలిందని చూస్తారు, బూడిద తప్ప? "నేను ఏ కిటికీ బిగించలేదండీ. వంట చేస్తూ ఆవిడే ఏమరుపాటుగా ఉండుంటుంది" అన్నాడు పాలిష్. ఆ మాటే నిలిచింది. మరిది ఆ తర్వాత మాట్లాడటమే మానేశాడు.

చిన్నది పోయినందుకు ఏడ్చిన పెద్దక్క, ఈ మాట విన్నాక ఏడవటం ఆపేసిందట.

ఏడాది తిరిగింది. పెద్దక్క పాలిష్ షెడ్డుకి వెళ్ళింది. ఆమె ఎవరో అతనికి తెలీదు. బండి కొంటానంది. మెరిసిపోతున్న మోటార్‌హోమ్ ఒకటి చూపించాడు. లారీ మీద కట్టిన గది అది. డ్రైవర్ కేబిన్ వేరు, వెనక గది వేరు, మధ్యలో దారి లేదు.

పెద్దక్క పొగ అలారం బటన్ నొక్కింది. పలకలేదు.

"అది ఊరికే అరుస్తుంటుందక్కా, నిద్ర పాడవుతుందని నేనే బ్యాటరీ తీసేశాను" అన్నాడు నవ్వుతూ.

వెనక కిటికీ ఫ్రేము మీద వేలు జరిపింది. నున్నటి రంగు కింద... గుండ్రంగా, వరసగా...

వేలు వెనక్కి తీసుకుంది.

"ఒక రాత్రి రోడ్డు మీద గడిపితే గానీ కొనను. మీరూ రండి, ఏది ఎలా వాడాలో చూపిద్దురు గాని. మీరు వెనక పడుకోండి, నాకు డ్రైవర్ సీట్లో నిద్ర అలవాటే."

అమ్ముడుపోక పడున్న బండి. పాలిష్ ఎగిరి గంతేశాడు.

పెద్దక్క మనసులో ఉన్నదేమిటో ఆవిడ నాకు దాచకుండా చెప్పింది. తలుపు బయటి నుంచి గొళ్ళెం పెట్టాలి. డబ్బాలో తడిగుడ్డలు రాజేసి, ఆ పొగ గాలిగొట్టంలోకి వదలాలి. వాడు ఆ కిటికీ దగ్గరికి వెళ్ళాలి. బాదాలి. అది రాదని వాడి చేతులకి తెలియాలి. చేసింది వాడి నోటితోనే చెప్పాలి. అప్పుడు తలుపు తీయాలి.

"తీసేదానివేనా అక్కా?" అని అడిగాను.

"తెలీదు" అంది.

చీకటి పడ్డాక బండిని తిన్నగా ఆ మచ్చ మీదికి పోనిచ్చి ఆపింది. పాలిష్ దిగి చుట్టూ చూశాడు.

"ఇదెక్కడక్కా?"

"లారీలు ఆగే చోటు. పడుకోండి."

అతను ఫ్రిజ్జుని గ్యాసు మీదే ఉంచేసి పడుకున్నాడు. కాసేపటికి గురక. పెద్దక్క చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా వెనక్కొచ్చి గొళ్ళెం పెట్టింది. కేబిన్ దగ్గరికెళ్ళి డబ్బా తీసింది. అగ్గిపెట్టె తీసింది. పుల్ల ఇంకా గీయలేదు —

దబ్... దబ్... దబ్...

వెనక్కి తిరిగింది.

గది కిటికీలన్నీ ఎర్రగా ఉన్నాయి.

ఆవిడ చేతిలో పుల్ల అలాగే ఉంది... గీయని పుల్ల.

"అక్కా! అక్కా, మంట! తలుపు రావట్లేదు!"

పెద్దక్క నడిచింది. తలుపు దగ్గరికి కాదు, వెనక కిటికీ దగ్గరికి. అద్దానికి అవతల పాలిష్ ముఖం, రెండు అరచేతులు. చుట్టూ పొగ.

"కిటికీ తోసుకుని రా" అందావిడ, మెల్లగా.

"రాదు... రాదక్కా..."

"ఎందుకు రాదు?"

"స్క్రూలు... వాన నీళ్ళు కారుతున్నాయని బిగించాను... తలుపు తియ్యక్కా..."

"ఏడాది కింద ఇక్కడే కాలిపోయిన బండికి?"

అద్దం వెనక ముఖం పాలిపోయింది. ఆవిడ ఎవరో అప్పుడర్థమైంది అతనికి.

"దానికీ బిగించాను... అన్నిటికీ బిగించాను... నన్ను చంపకు!"

వచ్చిన పని అయిపోయింది. ఇక తీయాలి. కానీ కాలు కదల్లేదు. ఇంకాసేపు, అనుకుందట. నా చిన్నది ఎంతసేపు బాదిందో, అంతసేపు.

అద్దం మీది చేతుల్లో ఒకటి కిందికి జారింది. ఇక బాదట్లేదు... ఊరికే ఆనుకుని ఉంది.

ఆ చేతిని చూడలేకపోయిందావిడ. పరిగెత్తుకెళ్ళి కేబిన్‌లోంచి మంటలార్పే సిలిండరు అందుకుంది — గదిలో ఉన్నదానికి రంగే తప్ప లోపల ఏమీ లేదని పొద్దున్నే చూసింది. గొళ్ళెం లాగింది. తలుపు పక్క మంట మీద పొడి చిమ్మింది.

"నిలబడకు! నేల మీద పాకు! నా గొంతు వినిపించే వైపు రా!"

అతను రాలేదు. పెద్దక్క తడిగుడ్డ మూతికి కట్టుకుని, తనే బోర్లా పడి లోపలికి పాకింది. చేతికి దొరికిన కాలు పట్టుకుని ఈడ్చింది. ఇద్దరూ బల్ల దాటి కంకరలో పడ్డాక గ్యాసు సిలిండర్ పేలింది. కొండ మొత్తం ఎర్రబడింది.

పాలిష్ బతికాడు. చేతులకి కట్లతోనే అంతా ఒప్పుకున్నాడు. షెడ్డులో ఉన్న బండ్లన్నీ విప్పి చూస్తే ప్రతిదానికీ అవే స్క్రూలు, అవే మూగ అలారాలు. షెడ్డు మూసేసి అతన్ని లోపలేశారు. విచారణ కాగితాల్లోంచి చిన్నదాని మీది నింద తీసేశారు.

గొళ్ళెం పెట్టింది నేనేనని పెద్దక్క తనంతట తనే చెప్పింది. పడాల్సిన శిక్ష పడింది. స్టీరింగు పోయింది. ఇప్పుడు డిపోలో టికెట్లిచ్చే కిటికీ వెనక కూర్చుంటోంది.

మొన్న ఆ టికెట్ల గదిలోనే కూర్చుని టీ తాగుతూ అన్నాను — "పోనీలే అక్కా. చివరికి తలుపు తీశావు. చిన్నదాని ఆత్మ శాంతించి ఉంటుంది."

పెద్దక్క గ్లాసు కింద పెట్టింది. కౌంటర్ కిటికీకి రెక్క దించింది. గొంతు బాగా తగ్గించింది.

"ఇది ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి ఈడుస్తుంటే రాలేదు. చాలా బరువు. చొక్కా దేనికో తగులుకుందనుకున్నాను. గుంజితే ఒక్కసారిగా వదిలింది... కంకరలో పడ్డాక చూస్తే, చొక్కా ఎక్కడా చిరగలేదు."

"మరి..."

"వాడు నా పక్కన దగ్గుతున్నాడు. బండిలో ఎవరూ లేరు. నిండా మంట. ఆ మంటలోంచి, కిటికీ వెనక నుంచి... చిన్నప్పుడు దాని బొమ్మ ఎవరికైనా ఇచ్చేస్తే అలిగేది చూడు, అదే గొంతు..."

పెద్దక్క నా చెయ్యి పట్టుకుంది.

"'ఎందుకు తెరిచావక్కా... నేను పట్టుకునే ఉన్నానుగా' అంది."