దాటకూడని పది మైక్రో

"ఆ తీగ కొస గుండె లోపలే ఉందట నాయనా. కాస్త కరెంటు జారితే మనిషి దక్కుతాడా?"

ఫైలు తెరవకముందే అడిగింది ఏజెంట్ ఎసినామ్.

"ఇంకా ఏమీ కాలేదక్కా," అన్నాడు చీఫ్ సెన్యో. "కాకుండా చూడమనే నిన్ను పిలిచింది."

రోగి అజెతే, తేమా రేవులో గుమస్తా. విదేశీ ముఠా దింపిన ఆయుధాలను, వాటిని అందుకున్నవాళ్లను కళ్లారా చూసినవాడు అతనొక్కడే. గుండె తడబడి ఇప్పుడు అక్రాలో ఆసుపత్రి పాలయ్యాడు. పక్కనున్న యంత్రం తీగ ద్వారా అతని గుండెను నడుపుతోంది. ఆ యంత్రాన్ని ఈ మధ్యాహ్నం మారుస్తారు. టెక్నీషియన్ వేషంలో వచ్చేది మన ఏజెంటే, దెదెయ్. ఆమె ముఠాకు అమ్ముడుపోయిందేమోనని సెన్యో అనుమానం.

ఎసినామ్ చీపురు పట్టుకుని వార్డులో చేరింది. సబ్బుపెట్టెలో కరెంటు కొలిచే చిన్న మీటరు. తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఊడ్వడం ఆపి అటు చూసింది.

ముత్యాల దుద్దులతో, అత్తరు గుబాళింపుతో దెదెయ్ వచ్చింది.

"మంగళవారం వల వేశారా?" గొణిగింది ఎసినామ్.

"మంగళవారం సముద్రానికి సెలవు."

సంకేతం సరిపోయింది. అనుమానం మాత్రం పోలేదు.

"కొత్త యంత్రంలో కరెంటు లీకేజీ ఎంత తల్లీ?"

"సున్నా పాయింట్ ఐదు. హద్దు పది. నీ చీపురు సంగతి నువ్వు చూసుకో పిన్నీ." దెదెయ్ పాత యంత్రం నుంచి తీగ ఊడదీసింది.

గుండె తీగ పట్టే టెక్నీషియన్లు ఉత్త అంకె చెప్పరు. యూనిట్‌ను రెండుసార్లు పైకి అనందే ప్లగ్గు ముట్టరు.

"హద్దు పది మైక్రో ఆంపియర్లు. నీ సున్నా పాయింట్ ఐదు దేనిలో?"

దెదెయ్ యంత్రం పరీక్ష కాగితాన్ని ఆమె ముందుకు తోసింది. కాగితంలో యూనిట్ గడి ఖాళీ. ఎసినామ్ తన మీటరు మొనలను కొత్త యంత్రానికి ఆనించింది. సున్నా పాయింట్ ఐదు, మిల్లీ ఆంపియర్లలో. మైక్రోలోకి మార్చాలంటే వెయ్యితో హెచ్చవేయాలి. ఐదువందలు. హద్దుకు యాభై రెట్లు.

తీగ కొత్త ప్లగ్గుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. చీపురుకట్ట దెదెయ్ మణికట్టు మీద పడింది. గుమ్మం దగ్గరి కాపలావాళ్లు ఆమెను పట్టుకున్నారు. ఎసినామ్ తీగను పాత యంత్రానికే తగిలించింది.

గుండె కొట్టుకోవడం చూపే తెర మీద గీత చదునుగానే ఉంది. ఆ తర్వాత ఒక్కసారి ఎగిరింది.

"అజెతే బాబూ, వినిపిస్తోందా? ఆయుధాలు అందుకున్నదెవరు?"

అతను నాలుకతో పెదాలు తడుపుకున్నాడు.

"అందరి పేర్లూ చెప్తాను గానీ," అన్నాడు అజెతే కళ్లు తెరవకుండానే, "ముందు మొక్కజొన్న కెంకే ముద్ద, వేయించిన చేప తెప్పించమ్మా. ఈ ఆసుపత్రి గంజి తాగి ఎవడు సాక్ష్యం చెప్తాడు?"