జతనడక

తెల్లారేసరికి ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. తూర్పున ఒక మబ్బు కదలకుండా నిలబడింది. దాని అంచుల్లోంచి కొంచెం కొంచెంగా వెలుతురు కారుతోంది. వాన పడేలా లేదు. కరెప్ప దొడ్డి తలుపు తీసి గొర్రెలకు నెత్తిపట్టీలు బిగించడం మొదలుపెట్టాడు. పట్టీ చెవుల వెనక తగలగానే గోడమీది తెరపై, మరకపటంలో, ఆ గొర్రె మెదడు తెరుచుకుంటుంది.

వీటిలో మనిషి జన్యువుంది. మనిషికొచ్చే మరపే వీటికీ వస్తుంది. ఆ మరపు మెదడులో ఒక మరకలా, ముందు దారి గుర్తుండే మూలన పుట్టి, మట్టిగోడలోకి చెమ్మ ఎక్కినట్టు నరాల వెంట పాకుతుంది. ఎంత పాకిందో డాక్టర్ సుభాషిణి రోజూ చూసుకుంటుంది. ఆమె వచ్చాకే మరక పాకుడును నెమ్మది చేసే మందొకటి తేలింది. ఆ మందును కరెప్ప అక్క నాగవ్వ కూడా వేసుకుంటోంది. అందుకే మెదడు కోసి చూసే కోతగదికి పోయే గొర్రె విషయంలో కరెప్ప ఎన్నడూ నోరెత్తలేదు. మెడ నిమిరి పంపేవాడు.

ఈ రోజు బొల్లి గొర్రె వంతు.

మరక పటం మీది హద్దుగీత దాటిన గొర్రెను మేత దగ్గర ఒంటిగా వదులుతారు. దొడ్డికి చేరితే ఇంకొన్నాళ్లు మందలో ఉంటుంది. చేరకపోతే కోతగదే. అది తేల్చేది తీర్పరి, అన్ని దొడ్లకూ ఉన్న ఒకే యంత్రం. మనుషులు గేటు తీసి మూయడం వరకే. గొర్రెల మీద అది గీసిన గీతనే ఊళ్లో మనుషులకూ పెడతారు. ఒంటిగా తన పని చేసుకోలేని మనిషి కోసం సంరక్షణాలయం బండి వస్తుంది.

నాగవ్వ పరీక్ష వచ్చే వారం. ముందర కంచం పెట్టి, తలుపేసి చూస్తారట. ఒక్కతే కూర్చుంటే ఆమె చెయ్యి కంచంలోకి పోదు. ఇప్పుడు మాత్రం దొడ్డిగోడ నీడన ఉన్ని వడుకుతోంది. చేతులకు పని గుర్తుంది, పేర్లే జారిపోయాయి. ఒక్కోసారి తమ్ముణ్ని నాయనా అని పిలుస్తుంది. అతనూ పలుకుతాడు.

"ఏం కరెప్పా, మొహం మాడ్చుకున్నావు?" అంది సుభాషిణి.

"నా మొహమే అంత మేడమ్. కావాలంటే మా అక్కనడుగుండ్రి."

బొల్లిని వదిలారు. నాలుగడుగులు వేసి, నిన్న మేతకొచ్చినప్పుడు ఆగిన తుమ్మచెట్టు దగ్గరే మళ్లీ ఆగింది. దొడ్డి కళ్లెదుటే ఉంది. అయినా చెట్టు వైపే చూస్తోంది. గోడమీద గడువు తరుగుతోంది.

కొన్న గొర్రె మందలో కలవకపోతే కురుమలు దాన్ని పాత గొర్రెకు జతకట్టి వదులుతారు. తాడు విప్పాక కూడా ఆ రెండూ ఒకదాని డొక్కకొకటి ఆనించుకునే నడుస్తాయి. బొల్లి వచ్చిన కొత్తలో కరెప్ప దాన్ని ఒక నల్ల గొర్రెకు జతకట్టాడు. ఆ నల్లది ఇప్పుడు రెండో గేటు వెనక నెమరు వేస్తోంది.

అతని చెయ్యి గడియ మీద పడడం సుభాషిణి చూసింది.

"ఆ గేటు తీయకూడదు, కరెప్పా."

"తెలుసు మేడమ్," అని తీశాడు.

నల్లది తొందర లేకుండా పోయి, బొల్లి డొక్కకు డొక్క రాసి, వెనక్కి తిరిగింది. బొల్లి కూడా తిరిగింది. రెండూ పక్కపక్కనే దొడ్డిలోకి వచ్చాయి. మరకపటంలో దారి మూల చీకటిగానే ఉంది. మరక ఎక్కడిదక్కడే ఉంది. గొర్రె మాత్రం ఇల్లు చేరింది.

తీర్పరి అడిగింది: "దారిలో రెండు ప్రాణులున్నాయి. చేరింది ఏది?"

ఈ పరీక్ష చెల్లదని తాను తీర్పరికి చెబితే రేపు మళ్లీ ఒంటి పరీక్షేనని, కరెప్ప పని కూడా పోవచ్చని సుభాషిణి మెల్లగా చెప్పింది. అతను తలూపాడు.

"ఒక్కదాన్నే ఇడిస్తే గుర్తులేదు. తోడుంటే నడిచొచ్చింది. రెండూ నిజమే గదా మేడమ్. మీరు ఒకటే ఎందుకు లెక్కకు పెడుతున్నరు?"

ఆమె నాగవ్వ వైపు చూసింది. కదురు తిరుగుతూనే ఉంది.

"రెండూ చేరాయి," అంది తీర్పరితో.

దాని దగ్గర ఆ జవాబుకు చోటు లేదు. మళ్లీ అడిగింది. ఆమె మళ్లీ అదే చెప్పింది. ఒంటి లెక్క కుదరక పటం మీది గీత కాసేపు మినుకుమని చెరిగిపోయింది. పొద్దెక్కాక తక్కిన దొడ్ల నుంచి కబురొచ్చింది, అక్కడా గీత లేదట. కొత్తది గీసేదాకా పరీక్షలన్నీ ఆగాయి, మనుషులవి కూడా. పైవాళ్లకు తానే జవాబు చెప్పుకుంటానని, రేపటి నుంచి గొర్రెలను జతలుగా వదలమని సుభాషిణి అంది.

మధ్యాహ్నం కరెప్ప మూట విప్పాడు. జొన్నరొట్టెలు, పుంటికూర. ముగ్గురూ గోడ నీడన కూర్చున్నారు. నాగవ్వ రొట్టెను చూస్తూ ఊరుకుంది. తిను అని ఎవరూ అనలేదు. కరెప్ప ఒక ముక్క తుంచుకున్నాడు. సుభాషిణి తుంచుకుంది. నాగవ్వ ఆ చేతినీ ఈ చేతినీ చూసింది. తర్వాత తన రొట్టె తుంచి కూరలో అద్దుకుంది.