ఉగింగ్‌ని పిలవడం మరిచారు

పొద్దున్నే వెల్లుల్లి అన్నం వేయించి దించగానే మరివిక్ చూసింది కుక్క గిన్నెనే. నిన్న పోసిన చేపల పులుసు నిన్నటిలాగే ఉంది, పైగా చీమలు పట్టాయి. లవాగ్ పట్నంలోని ఈ వరస ఇళ్లలోకి మారి ఐదు రోజులైంది. ఉగింగ్ అంటే వాళ్ల భాషలో బొగ్గు. పేరుకు తగ్గ నలుపున్న ఆ ముసలి కుక్క ఐదు రోజులుగా గుమ్మానికేసి ముఖం పెట్టి పడుకునే ఉంది. దాని పాత గోనెసంచీ ఉతక్కుండా పరిచింది, రోజూ ఒకే దారిన తిప్పింది, చేత్తో తినిపించబోయింది. ఎవరేది చెప్తే అది చేసింది పాపం మరివిక్.

"పక్కింటావిడ మళ్లీ గొడవకొచ్చింది, కుక్కది రాత్రంతా ఒకటే ఏడుపట," అన్నాడు భర్త రోమెల్. "ఆదివారం మా తమ్ముడొచ్చి దీన్ని పొలానికి తీసుకెళ్తాడు."

"పన్నెండేళ్ల కుక్క! ఇంకో కొత్త చోటంటే చచ్చిపోతుంది."

"ఇక్కడ మాత్రం బతికేలా ఉందా?"

మూల కూర్చున్న మరివిక్ తల్లి ఫెలిసా అప్పుడు నోరు విప్పింది. "తప్పు నాదే. బకర్రాలో పాతిల్లు వదిలేటప్పుడు మీ అందర్నీ పేరుపేరునా పిలిచాను, 'రా, పోదాం, ఇక్కడే ఉండిపోకు' అని. దీన్ని పిలవలేదు. పిలవకపోయేసరికి దీని ప్రాణం అక్కడే ఆగిపోయింది."

"అమ్మా! దీనికి ఒక్క ముద్ద తినిపించలేక నేను చస్తుంటే, నువ్వు ప్రాణాలూ పిలుపులూ అంటావేంటి?"

"మీ ఆయనేగా హారన్ మీద హారన్ కొట్టింది! నా మాట నోట్లో ఉండగానే బండి కదిలించాడు."

రోమెల్ ముఖం మాడ్చుకుని తన మోటారు ట్రైసికిల్ తాళం తీశాడు. "దాన్నీ తీసుకుని ఎక్కండి. బకర్రా పోయి ఆ ముచ్చటా తీర్చుకుందాం."

రోడ్డు వెడల్పు చేయడానికి పాతింటి కప్పు అప్పుడే పీకేశారు. ఉగింగ్ వంటింటి గోడంతా వాసన చూసి, ఎండలో కూలబడింది. ఫెలిసా దాని తల నిమిరి మూడుసార్లు పిలిచింది. మూడోసారికి అది లేచి, తనంతట తనే బండెక్కింది. పిలుపు మహిమో, కప్పులేని ఇల్లు చూసి దానికే అర్థమైందో నేను చెప్పలేను.

కదలనిది ఫెలిసానే. ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. రోమెల్ చెయ్యి అలవాటుగా హారన్ మీదికి పోయి ఆగింది. ఇంజను ఆపేశాడు.

"నిదానంగానే రండి అత్తయ్యా. తమ్ముణ్ని రావద్దని చెప్పేస్తాలే."

మరివిక్ తల్లి దగ్గరికెళ్లింది. ఐదు రోజుల్లో అమ్మ ఇంత చిక్కిపోయిందని, కుక్క ధ్యాసలో పడి తను చూడనేలేదు.

"అమ్మా, ఆ రోజు అందర్నీ నువ్వే పిలిచావు. మరి నిన్నెవరు పిలిచారు?"

"ఎక్కడికెళ్లినా మీ నాన్న పిలిచేవాడు," అంది ఫెలిసా. "ఇప్పుడెవరున్నారే?"

మరివిక్‌కి ఏడుపు ఆగలేదు. తల్లి చెయ్యి పట్టుకుని, ఆ గొంతుతోనే గట్టిగా పిలిచింది.

"అమ్మా, రా. పోదాం. ఇక్కడే ఉండిపోకు."