మెటాల్ లేదండీ

"ఇదేంటి మేడమ్?"

కౌంటర్ మీద ఓ ఫిల్ము ముక్క వచ్చి పడింది. కెమికల్స్ షాపు అమ్మాయి దాన్ని ట్యూబ్‌లైట్ కేసి ఎత్తి చూసింది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా నలుపే.

"ఫిల్మండీ."

"అది నాకూ తెలుసు. మెటాల్ అడిగితే లేదన్నారు. బదులుగా ఫినిడోన్ ఇచ్చారు. అది వేసి ఫిల్ము కడిగే డెవలపర్ కలిపితే ఇదీ సంగతి!"

"ఎంత వేశారు?"

"మెటాల్ ఎంత వేస్తానో అంతే."

"పొట్లం మీద పదోవంతు అని ఇంత లావున రాశాను కదా!"

అతను జేబులోంచి పొట్లం తీసి చూసుకున్నాడు. రాసి ఉంది. కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. ఫోటో స్టూడియో నడుపుతూ, మందులు సొంతంగా కలుపుకునే మనిషి చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ క్షణం నుంచి ఆమె మనసులో అతని పేరు పదోవంతు.

వారం తిరక్కుండా పదోవంతు మళ్ళీ వచ్చాడు. ఈసారి టెస్టు ముక్కలో మనుషులు మనుషుల్లాగే ఉన్నారు.

"కొంచెం పలచగా వచ్చింది కదూ?"

"సోడా పలుకులు వేశారా, పొడా?"

"పలుకులు."

"వాటిలో సగానికి పైగా నీళ్ళే. దాదాపు మూడింతలు వెయ్యాలి."

"మీకు ఇవన్నీ ఎలా తెలుసండీ? సరే, మెటాల్ వచ్చిందా?"

వచ్చింది. ఆ పొద్దునే వచ్చింది. కానీ ఆమె నోరు "లేదండీ" అనేసింది.

ఎందుకలా అందో ఆమెకే అర్థం కాలేదు. సరుకు పెట్టుకుని లేదనే వ్యాపారం ఎక్కడైనా ఉందా? వెనక గదిలో ఉన్న నాన్న వింటే ఏమనుకుంటాడు? మెటాల్ ఇస్తే అతను ఆరు నెలలదాకా ఇటు రాడు. బదులు మందు ఇస్తే టెస్టు చెయ్యాలి, అనుమానం రావాలి, మళ్ళీ రావాలి. ఈ లెక్క ఆమె వేసింది కాదు. దానంతటదే పడిపోయింది. సీసా మాత్రం ఆమే సోడా బస్తాల వెనక్కి తోసింది.

అలా ఆరు వారాలు, ఆరు టెస్టులు గడిచాయి. వానలో కూడా వచ్చాడు, టెస్టు ముక్కను చొక్కాలో దాచుకుని.

ఏడో వారం చాలా హుషారుగా వచ్చాడు. "రేపు తాతయ్య రీలు కడుగుతున్నానండీ. ఆయన పాత కెమెరాలో ఉండిపోయింది. జీవితమంతా అందరికీ ఫోటోలు తీశాడు గానీ ఆయనకంటూ ఒక్కటీ లేదు. ఈ రీల్లో మా అమ్మమ్మ తీసింది ఒకటుంది. అదొక్కటే. మీ ఫార్ములాతోనే కడుగుతాను!"

అతని కళ్ళకేసి చూస్తూ ఆమె తలూపేసింది. అతను వెళ్ళాక అసలు సంగతి తట్టింది. అంత పాత ఫిల్ముకి ఫినిడోన్ వేస్తే పొగ కమ్మినట్టు మసకేస్తుంది. ఆ ఒక్క ఫోటో పోతే? తన ఒక్క అబద్ధానికి?

మర్నాడు పొద్దున్నే సీసా పట్టుకుని స్టూడియోకి పరిగెత్తింది. లోపల అతను, కుర్చీలో అమ్మమ్మ ఉన్నారు.

"ఆగండి! ఇదిగో మెటాల్. మా దగ్గర ఎప్పట్నుంచో ఉంది. లేదని అబద్ధం చెప్పాను. తిట్టాలనుకుంటే తిట్టండి గానీ ఆ రీలు మాత్రం దీంతో కడగండి."

అతను చటుక్కున బీరువాకి అడ్డంగా జరిగాడు. అమ్మమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుంది.

"మెటాలా? బీరువాలో నాలుగు సీసాలున్నాయి కదమ్మా! వీడే ఎక్కడినుంచో తెచ్చి పెట్టాడు, నెల దాటింది."

అమ్మాయికి బుర్ర తిరిగిపోయింది. "మరి వారం వారం మా షాపుకి ఎందుకొచ్చారు?"

"మెటాల్ ఉందంటే ఇక రావడానికి నాకు పనేముంటుంది?" అతను నేలచూపులు చూశాడు. "మరి మీరెందుకు లేదన్నారు?"

"అందుకే."

"ఎందుకే?"

"అందుకేనండీ బాబూ! అది సరే, అంత పాత రీలుకి ఫినిడోన్ వేస్తారా ఎవరైనా? బుద్ధుందా మీకు?"

"మీరు తలూపారు కదా అని..."

"ఎవరి సీసా అయితేనేం," అంది అమ్మమ్మ. "ముందు మా ఆయన్ని చూపించండి."

మెటాల్‌తో కడిగిన రీలు మధ్యాహ్నానికి ఆరింది. చీకటిగదిలో ఎర్రదీపం కింద ముగ్గురూ ట్రే మీదికి వంగారు. తెల్లకాగితం మీద మొదట అమ్మమ్మ బొటనవేలి నీడ తేలింది. దాని పక్కన, చెయ్యి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వుతున్న తాతయ్య. అమ్మమ్మ ట్రే అంచు పట్టుకుని ఇంకా దగ్గరికి వంగింది.

"అప్లికేషన్ ఫోటో కోసం మొదటిసారి ఈ స్టూడియోకే వచ్చాను," అంది చివరికి. "పాడైపోయిందని మళ్ళీ రమ్మన్నాడు. రెండోసారీ పాడైందన్నాడు. మూడోసారి మా నాన్నని వెంటబెట్టుకుని రమ్మన్నాడు. ఒక్కటీ పాడవలేదని పెళ్ళయ్యాక చెప్పాడు, దొంగ." కళ్ళు తుడుచుకుని అమ్మాయి వైపు తిరిగింది. "ఏమ్మా, మీ నాన్నగారు ఉన్నారా షాపులో?"

ఆరు వారాల అలవాటు. అమ్మాయి నాలుక చివరిదాకా "లేరండీ" వచ్చేసింది. దాన్ని మింగేసింది.

"ఉన్నారండీ," అంది. "షాపులోనే ఉన్నారు."