నాలుగో గంట మోత

"నాలుగింటితో అభ్యంతరం చెప్పుకునే గడువు అయిపోతుంది సార్. రేపట్నుంచి మా ఆయన కూర్చిన చప్పుడు మా బండ్ల మీద మోగితే మేమే దొంగలం," అంది ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ యజమానురాలు. పొద్దుట్నుంచి ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అప్పటికే రెండున్నర.

నాలుగు ఇత్తడి గంటలు వరసగా మోగితే చాలు, పిల్లలు వీధిలోకి పరుగెత్తుకొస్తారు. ఆ వరస కూర్చిన భర్త పోయి ఏడాది. ఇప్పుడు పోటీ కంపెనీ అది తమదంటూ ట్రేడ్‌మార్క్ నమోదుకి పెట్టింది.

పాముచెవుల సారని అందరూ పిలిచే డిటెక్టివ్, ఆ కంపెనీ దాఖలు చేసిన రికార్డింగును మళ్ళీ పెట్టాడు.

"చప్పుడుకీ హక్కిస్తారా సార్?" అంది అతని అసిస్టెంటు.

"ఫ్రిజ్ మోతలా సరుకులోంచే పుట్టేదయితే ఇవ్వరమ్మా. వినగానే ఫలానావాళ్ళదని జనం పోల్చుకోవాలి."

"నాలుగోది ఠక్కున ఆగిపోయిందేం?"

డిటెక్టివ్ మెచ్చుకోలుగా చూశాడు. "రెండోదాంట్లో జీర కూడా ఉంది."

యజమానురాలు తెల్లబోయింది. "అది ఆయన చేయించిన మొదటి సెట్టు. ఫ్యాక్టరీ షెడ్డు దాటి బయటికి పోలేదు. తాళంచెవులు నాకు కాక ముగ్గురికే ఉన్నాయి."

మూడింటికి ముగ్గురూ షెడ్డులో ఉన్నారు. డిటెక్టివ్ ఒక్కొక్కరినీ గంటలు మోగించమన్నాడు.

గంటలు పోసే మేస్త్రీ చెవులు చిల్లులు పడేలా బాదాడు. "నాకు చెవుడు బాబూ. ఇలా కొడితేగానీ నాకు తెలీదు."

బండ్ల సూపర్‌వైజరు నాలుగోదాన్ని సాగనిచ్చాడు. "ఈ మోత వీధి చివరిదాకా పోకపోతే బేరం లేదండీ."

"నన్ను కూడానా వదినా?" అని నవ్వాడు మరిది. నాలుగోది కొట్టి, వెంటనే అరచేత్తో అదిమాడు. "పైనే మా వాటా. చంటిది లేచిందంటే మా ఆవిడ నన్ను బతకనివ్వదు."

డిటెక్టివ్ సుత్తి అందుకుని నాలుగో గంట కొట్టాడు. మోత సాగింది. మరిది చెయ్యి దానంతటదే గంట మీదికి వెళ్ళి, సగంలో ఆగింది. పైన చంటిది ఏడుపందుకుంది.

"వీధిలో జనం ఎరిగింది సాగే మోత," అన్నాడు డిటెక్టివ్. "వాళ్ళు దాఖలు చేసింది అదిమిన మోత. ఇక్కడ, ఈ జీర గంటల మీద, చంటిబిడ్డ నిద్రకి జడిసిన చెయ్యి మోగించింది."

మరిది తల దించుకున్నాడు. "అన్నయ్య పోయాక నాకు దక్కింది తాళంచెవి వదినా. కుర్చీ కాదు. వాళ్ళు కుర్చీ ఇస్తామన్నారు."

మూడుంపావు. అసిస్టెంటు అభ్యంతరం కాగితం మీద కలం పెట్టి ఆగింది. "రికార్డింగు బయటికిచ్చింది ఎవరని రాయాలమ్మా. మీరే చెప్పాలి."

పైన ఏడుపు ఆగలేదు. యజమానురాలు గంట మీద చెయ్యి వేసి, అసిస్టెంటు వైపు తిరిగింది.

"మా మరిది. మా ఆయన తోడబుట్టిన తమ్ముడు. రాసుకో."