వెచ్చగా తగిలిన జేడ్ కొండ

యాంగ్జౌ జేడ్ వర్తకుడు గె షౌతాంగ్ ఉదయం పదకొండింటికి డిటెక్టివ్ ఫెయ్ గదికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా కొండ రెండు ముక్కలైంది. కొనడానికి షాంఘై నుంచి వచ్చిన చువాంగ్ గారు చెయ్యి వేయగానే ఊడింది. ఎవడో రాత్రి సుత్తితో కొట్టి పెట్టాడు. వాడెవడో ఇవాళే తేలకపోతే, నేను అతుకుల సరుకు అమ్ముతానని ఆయన బజారంతా చెబుతాడు."

"అనుమానం ఎవరి మీద?"

"గుమాస్తా జోంగ్. నిన్నే తిట్టాను."

కొట్టులో ఫెయ్ ముందు పెట్టిన ఆ కొండ, జేడ్ రాయిలో చెక్కిన బొమ్మ, మూర ఎత్తు. మూడు వందల ఏళ్ల కిందటిది. దాని మీద దేవదారులు, ఒక వాగు, మెట్లెక్కే ముసలాయన. వాగు వెంటే విడిపోయింది. ఫెయ్ అంచును వాసన చూశాడు. ఆయన సహాయకుడు, ఒకప్పటి బడిపంతులు దౌ, రాసుకున్నాడు.

"ముట్టుకుంటే ఎలా ఉంది?" అని ఫెయ్ చువాంగ్‌ను అడిగాడు.

"వెచ్చగా."

"జనవరిలోనా?"

జోంగ్ అందుకున్నాడు. "ఈ గదిలో కుంపటి పెట్టనివ్వరండీ. జేడ్‌కి పొగ పట్టేస్తుందట. మా వేళ్లు కొయ్యబారినా సరే."

"పొద్దున ఇక్కడ ఎవరున్నారు?"

"తలుపు తీసింది నేను. తుడిచింది లూ పిన్ని."

లూ పిన్ని ఆరేళ్లుగా ఆ కొట్టులో పనిమనిషి. ఆ ఊళ్లో ఆడవాళ్లు చలికి పట్టుకు తిరిగే చిన్న నిప్పుల డబ్బా లేకుండా ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి.

"మీ చేతికుంపటి ఏది, పిన్నీ?"

"వంటింట్లో ఉంది బాబూ. దానికీ విశ్రాంతి ఉండొద్దూ?"

ఫెయ్ దాన్ని తెప్పించాడు. కొండను నిలిపే చెక్కపీఠం అడుగున బోలులో అది సరిగ్గా పట్టింది. మూత మీద గోధుమరంగు చుక్క ఒకటి గట్టిపడి ఉంది. ఫెయ్ దౌను అతుకుపనివాళ్ల వీధికి పంపాడు.

నాలుగింటికి అందరినీ కూర్చోబెట్టాడు.

"సుత్తి లేదు. ఇది లక్క. వేడికి కరుగుతుంది. కొండ ఎప్పుడో విరిగింది, వాగులో అతుకు దాచారు. లక్కలో జేడ్ పొడి కలిపి ఇలా అతికినవాడు ఈ ఊళ్లో ఒక్కడేనని దౌ తెలుసుకొచ్చాడు. పేరు రువాన్. తొమ్మిదేళ్ల కిందట గె గారు అతని మీద దొంగతనం కేసు పెట్టారు. అతను జైల్లో పోయాడు. భార్య ఇంటిపేరు లూ."

గె ఆమెను పనిలో పెట్టుకున్నప్పుడు మొగుడెవరని అడగలేదు.

"కొండ ఈయన చేతిలోంచే జారిపడింది," అంది లూ పిన్ని. "అతుకు సంగతి బయటికి రాకూడదని మావాణ్ణి దొంగని చేశాడు. అతుకెక్కడుందో జైల్లో వాడే నాకు చెప్పాడు. ఖాళీ కొట్లో ఊడితే ఎవరికి లెక్క? కొనేవాడు వచ్చేదాకా ఆగాను."

"పోలీసుల్ని పిలుస్తా," అన్నాడు గె.

"పిలవండయ్యా. మావాణ్ణి తీసుకెళ్లినవాళ్లనే పిలవండి. నేను కుంపటి పెట్టానని చెబుతాను. రాయి ఎప్పుడు విరిగిందో మీరు చెబుదురుగాని."

గె ఫోను మీద చెయ్యి వేశాడు. చువాంగ్ అప్పటికే టోపీ పెట్టుకుని వీధిలోకి దిగాడు. గె ఆయన వెళ్లినవైపు చూసి, ఫోను ఎత్తకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.