సొంత ఉత్తరాన్ని తరిమినవాడు

"సార్, ఒక ప్రశ్న," అంది చివరి బెంచీ నుంచి ఒక గొంతు.

జయరాముడు రెండు కిరసనాయిలు గరాటుల్ని ముక్కుకు ముక్కు ఆనించి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అనంతపురం కాలేజీలో ఫిజిక్స్ ట్యూటరు. పందొమ్మిదివందల అరవై మూడు ఎండాకాలంలో పల్లెటూరి టీచర్లకు పదిరోజుల సైన్సు తరగతులు పెట్టారు. చెప్పమన్నది అయస్కాంతం. ఈయన చెబుతున్నది రిలేటివిటీ. అయస్కాంతంలో కాంతం ఉంది, ఈయన దాన్ని కాంతి దాకా లాక్కుపోయాడు.

"ముక్కులు కలిసినచోట మీరున్నారు, ఇప్పుడు. కింది గరాటు గతం. అందులో జరిగిందే మీదాకా రాగలదు. పై గరాటు భవిష్యత్తు. మీరు చేసేది అందులోకే పోగలదు. అంచు కాంతి వేగం. దాన్ని మించి ఏ కబురూ పరుగెత్తదు. గరాటుల బయట జరిగేదానికి మీరు కారణం కాదు, మీకు అది కారణం కాదు. ఆ, అడగండి."

"గంట నుంచి చెప్తాండారు. మీ మాట మాకందిందో లేదో మీకెట్ల తెలుస్తాది? మా కబురు మీదాకా రావాల గదా! మీరు ఊపిరి తిప్పుకుంటే గదా వచ్చేది!"

తరగతి గొల్లుమంది. జయరాముడి చేతిలో పై గరాటు జారి, ఆయన భవిష్యత్తు ఠంగుమని నేలమీద పడింది.

ఆమే వచ్చి ఎత్తిచ్చింది. "మీ భవిష్యత్తు సార్. కొంచెం సొట్ట పడినాది."

ఆమె పేరు మారెక్క. కుందుర్పి దగ్గర పల్లెలో టీచరు, గొర్రెల బసప్ప కూతురు. పేరు చివరే అక్క కూర్చుని ఉంటే, ప్రేమించేవాడికి ఎంత ఇరకాటం! జయరాముడు పదిరోజులూ "మీరూ, మీరూ" అంటూ పేరు పక్కనుంచి నడిచాడు. ఆమె అడిగే ప్రశ్నలకి రాత్రంతా జవాబులు వెతికేవాడు, పొద్దున ఆమె ముఖం చూసి మరిచిపోయేవాడు.

ఆమె ఊరికి పోయిన వారానికి ఉత్తరం రాశాడు. "మీకిష్టమైతే పెద్దల్ని పంపుతాను."

ఇక మొదలైంది యాతన. జాబు పోవడానికి మూడు రోజులు, జవాబు రావడానికి మూడు. ఆరోరోజు గేటు దగ్గర కాపలా. పదోరోజు పోస్టుమ్యాన్ సందు మార్చుకుని పోయాడు. జాబుకు వచ్చేది జవాబు, మధ్యలో ఉండేది ఒక ‘వా’. ఆ ‘వా’ ఒక్కటే మిగిలింది జయరాముడికి. ఆకాశంలో మబ్బులు అధికారుల్లా వచ్చి, చూసి, వానమీద సంతకం పెట్టకుండా వెళ్ళిపోయేవి. గదిలో నిలవలేడు, బయట నిలవలేడు.

ఇరవై ఒకటోరోజు, సోమవారం, ఇంకో ఉత్తరం రాసి డబ్బాలో వేశాడు. "మీ మౌనం అర్థమైంది. ఇకమీద నేను మీకు తెలియనివాణ్ణి."

మంగళవారం మధ్యాహ్నం ఆమె జాబు వచ్చింది.

"నాయన గొర్లు తోలుకుని మేతకని కన్నడం పక్కకు పోయినాడు. ఆయన్ని అడగకుండా మీకు మాటివ్వడం బాగుండదని ఆగినాను. ఇప్పుడొచ్చినాడు. రమ్మన్నాడు. నాకూ ఇష్టమే."

జయరాముడు ఒక గంతేశాడు. గంతు కిందికి దిగేలోపలే నిన్న డబ్బాలో వేసిన ఉత్తరం గుర్తొచ్చింది.

పోస్టాఫీసుకు పరుగెత్తాడు. "పొద్దున బస్సుకే పోయినాది సంచి," అన్నాడు గుమాస్తా. శెనక్కాయల లారీ పట్టుకుని సాయంత్రానికి కల్యాణదుర్గం చేరాడు. టపా సంచీ ఆ రాత్రి అక్కడే మకాం. బుధవారం పొద్దున సంచి బస్సు పైకెక్కింది, రాసినవాడు లోపలికెక్కాడు. ఇద్దరికీ ఒకటే వేగం. ముందుకు ఒంగి కూర్చున్నా లాభం లేకపోయింది.

పల్లెకు దారి చీలే క్రాసు దగ్గర ఇద్దరూ దిగారు. ఊరు ఇంకా ఆరు మైళ్ళు. సంచీని సైకిలు క్యారియరుకు కడుతున్నాడు టపా మోసే ఈరన్న.

"అన్నా, ఇందులో నా ఉత్తరముండాది. తిరిగిచ్చెయ్."

"ఏమప్పా, సీలు కనపడల్యా? ఈడ విప్పితే ఊడేది ముడి కాదు, నా ఉద్యోగం."

"అయితే మెల్లగా పో. నేను ముందు పరుగెత్తుతా."

"మెల్లగా పోతే టపా లేటు. బారు మీద కూర్చో, పోదాం."

ముందు బారుమీద రాసినవాడు, వెనక క్యారియరుమీద రాత. మిట్ట వచ్చినప్పుడల్లా జయరాముడు దిగి సైకిలు తోశాడు. తనకు కీడు చేయబోయే కాగితాన్ని తానే చెమటోడ్చి మోసుకుపోయినవాడు జిల్లాలో ఇంకొకడు లేడు.

"అంతగా ఏం రాసినావప్పా?"

"వద్దని."

"ఎవరికి?"

"మారెక్క టీచరుకు."

ఈరన్న బ్రేకు వేశాడు. "ఆయమ్మకా? ఎవరైనా కోరి వద్దంటారా ఆయమ్మను? దిగు, ఇంకో మిట్టొచ్చింది. తోయ్!"

పోస్టాఫీసు ఆమె బడి పక్కగదే. పోస్టుమాస్టరు సీలు పగలగొట్టాడో లేదో, సైకిలు గంట విని మారెక్క వచ్చింది. కవరు ఆమె చేతిలో పడింది.

"సార్! మీరు ఈడ యాడ?"

"అది విప్పొద్దు!"

"నా పేరున ఉండాది గదా." విప్పింది. చదివింది. మడిచింది. జయరాముడికి కాళ్ళకింది నేల కూడా టపాలో పోయినట్టనిపించింది.

"అక్షరాలు గుండ్రంగా ఉండాయి," అంది. కళ్ళలో మాత్రం నీళ్ళు.

"మీ జాబు అందకముందు..."

ఆమె కవరు తిప్పి ముద్ర చూసింది. "సోమవారం. నాది మీకెప్పుడందింది?"

"మంగళవారం మధ్యాన్నం."

ఆమె వేళ్ళమీద రోజులు లెక్కేసింది.

"అయితే ఇది నాకు జవాబు కాదు సార్. నా మాట మిమ్మల్ని తాకకముందు రాసింది. నేను ఇష్టమని రాసేటప్పుడు మీ కోపం నాకు తెలీదు, మీరు కోపంగా రాసేటప్పుడు నా ఇష్టం మీకు తెలీదు. దేనికీ ఇంకోటి కారణం కాదు. మీరు చెప్పిందే."

"ఔను. కానీ రెండూ అందేచోటు ఒకటుంటాది. అది..."

"ఇదే. ఇప్పుడు రెండూ ఇద్దరికీ తెలుసు. అన్నీ తెలిసినాక చెప్పేదే మాట. చెప్పండి."

"మారెక్కా," అన్నాడు, మొదటిసారి పేరు పెట్టి, అక్కతో సహా. "నిన్నే చేసుకుంటా. ఆ కాగితం చించెయ్."

"చించను. పెండ్లయినాక మీరు అలిగినప్పుడల్లా చదివి వినిపిస్తా."

బసప్ప ఇంటిముందు గొర్రెపిల్లకు ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. "పెండ్లిమాటకు పెద్దలు రావాల. ఏరీ?"

"నేను లేనా?" అన్నాడు ఈరన్న ఆయాసంతో. "ఆరు మైళ్ళు తోసుకొచ్చినాడు పిల్లోడు, నేనే సాక్షి."

బసప్ప ముల్లు బయటికి లాగి, ఎండలో పట్టి చూశాడు. "ఏం చదివినావప్పా?"

"కాంతి గురించి."

"వాన గురించి తెలుసునా?"

"తెలీదు మామా."

ముసలాయన అప్పుడు తల ఎత్తాడు. "అందరూ తెలుసుననే చెప్తారు," అని, భుజం మీది గొంగడి దులిపి, నేలమీద పరిచాడు. "కూర్చో అల్లుడా."